రోడ్డు పొడవునా పది చేతులు

ప్రపంచంలోకెల్లా పెద్ద కప్ప ఆఫ్రికాలో ఉంటుంది. పెద్ద వానపాము ఆస్ట్రేలియా మట్టిలో, పెద్ద పీత జపాన్ సముద్రంలో, పెద్ద బల్లి ఇండోనేషియా దీవుల్లో. పోనీలే, మనకు ఏనుగుందిగా అని సంతోషిద్దామంటే, అందులోనూ ఆఫ్రికా ఏనుగే మనదానికంటే పెద్దది. విషమున్న పాముల్లో అన్నిటికంటే పొడుగైనది మన దేశంలో ఉంది గానీ, అది ఇరుగుపొరుగుతో చెప్పుకుని మురిసిపోయే సంగతి కాదు. ఎమ్మెస్సీ జువాలజీలో చేరిన కొత్తల్లో ఇదంతా నాకు పెద్ద అన్యాయంగా తోచేది. ఆ ఉక్రోషంతోనో ఏమో, పరీక్షలో రావని తెలిసి కూడా ఈ భారీ జంతువుల గురించే ఎక్కువ చదివేదాన్ని.

నాకు పైకి చదివితే తప్ప బుర్రకెక్కదు. తార్నాకలో మేం అద్దెకున్న ఇంట్లో వంటిల్లూ వరండా పక్కపక్కనే. వరండాలో చాప వేసుకుని కూర్చుని ఇంగ్లిషులో ఒక పేరా గట్టిగా చదివేదాన్ని. అర్థమైందో లేదో చూసుకోవడానికి దాన్నే మళ్లీ తెలుగులో చెప్పుకునేదాన్ని. వంటింట్లోంచి అమ్మ వింటూ ఉండేది. వింటున్నట్టు ఒప్పుకునేది కాదు గానీ మధ్యమధ్యలో ఓ మాట విసిరేది.

"కోడిపుంజంత కప్పా? దాన్ని ఎవురన్నా వండుకుంటారా పాపా?"

"వండుకుంటారటమ్మా."

"తూ. ఆ పేజీ ఇంగ చదవొద్దులే."

మర్నాడు తనే అడిగేది. "ఆ జపాను పీత సంగతి ఏమాయ? కాళ్లు చాపితే మన వరండాలో పట్టదంటివే." పీత కాళ్ల మాట వచ్చినప్పుడల్లా అమ్మ వరండా ఈ కొసనుంచి ఆ కొసకి ఓసారి చూసుకునేది. ఆ పీత నిజంగా వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలా అన్నట్టు.

మాది అనంతపురం వైపు. నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చాం. అరవయ్యో దశకం చివరి రోజులు. క్యాంపస్‌లో ఇంకా చెట్లకంటే బండరాళ్లే ఎక్కువ. నాన్నకూ నాకూ ఊరు వచ్చీ రాగానే నచ్చింది. అమ్మకు నచ్చలేదు. ఎందుకని అడిగితే ఒక కారణం చెప్పేది కాదు. నీళ్లు చప్పగా ఉన్నాయనేది, కొర్రలు మంచివి దొరకవనేది, ఇక్కడి కాకులు కూడా వేరేగా అరుస్తాయనేది.

అసలు సంగతి వేరు. వచ్చిన కొత్తల్లో చౌరస్తా దగ్గర కొట్టుకు వెళ్లి ఏదో సామాను అడిగితే, కొట్టతనికి అమ్మ యాస తమాషాగా అనిపించి మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు. వాళ్ల నవ్వులో చెడ్డతనం ఉందని నేననుకోను. అమ్మ మాత్రం సంచీ మడిచి చంకలో పెట్టుకుని ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఆ తర్వాత కొట్టుకు నాన్నే వెళ్లాల్సి వచ్చింది. పాలావిడ వస్తే అమ్మ తలుపు సందులోంచి గిన్నె బయటపెట్టి లోపలికి తప్పుకునేది. మా ఊళ్లో వీధి వీధంతా పలకరిస్తే గానీ వాకిలి ఊడ్వడం ముగించని మనిషి ఇలా అయిపోయింది.

"ఈ ఊర్లో నా మాటకు నేనే బదులు చెప్పుకోవాల," అనేది.

ఆ ఏడాదే నాన్నకు మా వైపు ఓ చిన్న ఊళ్లో కాలేజీ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామని కబురొచ్చింది. జీతంలో పెద్ద తేడా లేదు. వస్తారో రారో త్వరగా చెప్పమన్నారు. నాన్న ఆ నిర్ణయం అమ్మకు వదిలేశాడు. అమ్మ నిర్ణయం ఏమిటో వేరే అడగక్కర్లేదు, ట్రంకు పెట్టెలు అటక మీంచి దింపి దులపడం కూడా అయిపోయింది. ఆ ఊళ్లో ఎమ్మెస్సీ లేదు. నన్నొక్కదాన్నే ఇక్కడ హాస్టల్లో వదిలి వెళ్లడమనే మాట మా ఇంట్లో పుట్టదు. అంటే నా చదువు సగంలో ఆగిపోయినట్టే. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. "బీయెస్సీ ఉండాది గదా పాపా, చాల్లే," అంది అమ్మ, చింతపండు గింజలు తీసుకుంటూ. అంత నిబ్బరంగా అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు పైకి చదవడం మానేసి మనసులోనే చదువుకున్నాను. ఏమీ బుర్రకెక్కలేదు.

సరిగ్గా అప్పుడే మా డిపార్ట్‌మెంటులో ప్రదర్శన తలపెట్టారు. ఆలోచన మా లెక్చరర్ సారుది. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని మర్చిపోయి, ఆ చేత్తోనే ముఖం తుడుచుకునే మనిషి. మధ్యాహ్నానికల్లా ఒక చెంప తెల్లగా ఉండేది. "అరవై అడుగులు అని బోర్డు మీద రాస్తే ఎవరికి తెలుస్తుందమ్మా? జనాన్ని ఆ అరవై అడుగులూ నడిపించాలి," అనేవారు. అందుకని దేశదేశాల భారీ జంతువుల్ని ఉన్నంత సైజులో చూపించాలని పట్టుబట్టారు. కప్పకూ బల్లికీ అట్టబొమ్మలు చేశాం. పీతకు వెదురుబద్దలు కట్టాం. నీలి తిమింగలానికి లాన్‌లో మేకులు కొట్టి తాడు చుట్టించారు. తోక పక్క డిపార్ట్‌మెంటు వాళ్ల పూలమొక్కల్లోకి వెళ్లి, దానిమీద చిన్న తగాదా కూడా అయింది.

నా వంతుకు స్క్విడ్ వచ్చింది. అదొక సముద్ర జీవి. ఒంట్లో వెన్నెముక ఉండదు. తల చుట్టూ ఎనిమిది చేతులు, అవి చాలవన్నట్టు ఇంకా పొడుగాటివి మరో రెండు. ఆ జాతిలో రాక్షసి లాంటిది ఒకటుంది. ఎక్కడో లోతు నీళ్లలో బతుకుతుంది. ఎప్పుడైనా దాని కళేబరం ఒడ్డుకు కొట్టుకొస్తే చూడటమే గానీ, తన చోట తాను బతికుండగా అది ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో ఆ రోజుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొడవు అరవై అడుగులని పుస్తకాల్లో ఉండేది. తర్వాత్తర్వాత అంత ఉండదని తగ్గించారట గానీ, అప్పటికి మాకు అరవయ్యే లెక్క.

లాన్ తిమింగలానికి పోగా, అరవై అడుగుల తిన్నని చోటు ఒక్కటే దొరికింది. తార్నాక వైపు గేటు నుంచి మా డిపార్ట్‌మెంటుకు వచ్చే తారురోడ్డు. "నీ రికార్డులో బొమ్మలు బావుంటాయి, నువ్వే గియ్యి," అన్నారు సారు. రికార్డులో నా బొమ్మలు అరచేయంత ఉంటాయి. రోడ్డు మీద సుద్దతో మొదలుపెట్టిన మొదటి చెయ్యి నాలుగడుగులు వెళ్లేసరికి పడుకున్న గేదె తోకలా తయారైంది. తడిగుడ్డతో తుడిచేసి, పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఇంట్లో పక్క వాటా టీచరుగారు కూర్చుని ఉన్నారు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఆవిడ సీతాఫల్‌మండిలో ఓ బడిలో లెక్కలు చెప్పేవారు. ఈ ఊళ్లో అమ్మ అంతో ఇంతో నోరు విప్పేది ఆవిడ దగ్గరే. నా గోడు విని ఇద్దరూ పుస్తకంలో బొమ్మ మీదికి వంగారు.

"మీ తిమింగలం అయితే నేను ముట్టుకోను," అంది అమ్మ. "ఒట్టి గీత. లోపలంతా బోడి. ఇది చూడు, చేతులూ మెలికలూ చుక్కలూ. ఇది ముగ్గే గదా."

నా పెన్సిలు లాక్కుని, అడగకుండానే లైబ్రరీ పుస్తకంలో ఆ బొమ్మ నిండా వరసగా చుక్కలు పెట్టేసింది. తర్వాత ఆ చుక్కలు చెరపడానికి నాకో రబ్బరు అరిగిపోయింది.

"బొమ్మలో ఎన్ని చుక్కలో నేల మింద అన్నే. ఈడ వేలెడు ఎడమయితే ఆడ బారెడు. చేయి ఏ చుక్క పక్కన తిరిగినాదో చూసుకుంటా పోతే యాడా తప్పదు."

టీచరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. "మా పిల్లలకి గ్రాఫు కాయితం మీద నేను చెప్పేదీ ఇదేనండీ వదినగారూ. స్కేలు డ్రాయింగంటాం."

"ఆ పేరు నాకు తెల్దులే టీచరమ్మా. మా అవ్వ నేర్పినాది."

గీస్తానని ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. జనం వెళ్లిపోయాక సాయంత్రం పూట వస్తుంది, గీసింది తనని ఎవరికీ చెప్పకూడదు. మళ్లీ ఎవరైనా తన మాట వినాలి, నవ్వాలి, అదంతా తనకొద్దు. సారుతో చెబితే సంతోషంగా ఒప్పుకున్నారు.

ప్రదర్శనకు ముందు రోజు సాయంత్రం ముగ్గుపిండి గంప, పసుపు, ఎర్రటి జాజు పట్టుకుని ముగ్గురం వెళ్లాం. సారు అక్కడే ఉన్నారు. అమ్మ ముందు చెప్పులు విడిచి రోడ్డు పక్కన పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. పుస్తకంలో బొమ్మ చూసుకుంటూ చుక్కలు పెట్టింది. చుక్కలయ్యాక చేతులు లాగడం మొదలుపెట్టింది. పిడికిట్లోంచి పిండి జారుతూ ఉంటే నడుము వంచి వెనక్కి నడుస్తూ పోయింది. ఒక్కో చేతినిండా, వేటను అతుక్కుని పట్టుకోవడానికి ఉండే గుండ్రాలకు పసుపు చుక్కలు. అంచుకు జాజు. ఆ పొడుగాటి చేతులు రెండూ రోడ్డు వెంబడి మెలికలు తిరుగుతూ గేటు వైపుకు వెళ్లిపోయాయి. చూస్తుంటే నాకే ఒళ్లు జలదరించింది.

కన్ను దగ్గర ఆగాం. "కన్ను ముఖ్యం అమ్మగారూ," అన్నారు సారు. "దాని కన్ను భోజనం పళ్లెమంత ఉంటుంది. జనం గుర్తుపెట్టుకునేది అదే. కాస్త ఉబ్బెత్తుగా ఉంటే బావుండును." పళ్లెం బోర్లిద్దామంటే తెల్లారేసరికి ఉండదని టీచరుగారు అన్నారు. ఆవిడ ప్రహరీ మీద పాదుకు ఓ పెద్ద కాయ వేలాడుతున్న సంగతి ఆవిడకే గుర్తొచ్చింది. నేను వెళ్లి కోసుకొచ్చాను. అమ్మ దాన్ని సరైన చుక్క మీద కుదురుగా కూర్చోబెట్టి, చుట్టూ ముగ్గు తిప్పి, కనుపాపకు నడుమ ఇంత కుంకుమ అద్దింది. "ఫస్ట్ క్లాస్," అన్నారు సారు, తెల్లబడ్డ చెంపతో.

ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. నడిరోడ్డు మీద ముగ్గు, పసుపు, ఎర్రటి జాజు, మధ్యలో కుంకుమ పెట్టిన బూడిద గుమ్మడికాయ. అక్కడ నిలబడి చూసిన నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. సారుకు స్క్విడ్ కనపడింది. టీచరుగారికి తప్పుపోని స్కేలు కనపడింది. అమ్మకు తన ముగ్గు, నాకు గట్టెక్కిన నా పని. నలుగురం చేతులు దులుపుకుని ఇళ్లకు వెళ్లిపోయాం.

పొద్దున్నే నేను వెళ్లేసరికి గేటు దగ్గర జనం. రిక్షాలు, సైకిళ్లు, కేరియర్లు పట్టుకున్న ఆఫీసువాళ్లు, స్టూడెంట్లు, పాలావిడ తన బిందెతో సహా. రోడ్డుకు ఆ కొసనా అంతే మంది. మధ్యలో మా స్క్విడ్ ఒక్కటీ ఎండలో తళతళలాడుతూ పడుకుని ఉంది. దాని దరిదాపులకు కాకి కూడా పోలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. "అటు పోకు బిడ్డా. ఎవడో చేతబడి జేసిండు. చౌరస్తాల నిమ్మకాయలు జూసిన, కోడిగుడ్లు జూసిన. గింత పెద్దది నా జిందగీల జూడలే."

"పది చేతులున్నయి దానికి," అన్నాడు ఓ రిక్షా అతను. "ఎవల మీద జేసిన్రో గాని, ఆళ్ల ఖాందాన్ మొత్తం ఖతం."

"పేపర్లు దిద్దేటోళ్ల మీద జేసుంటరు," అన్నాడు ఓ స్టూడెంటు. ఆ అబ్బాయి కాస్త ఆశగా అన్నట్టే నాకనిపించింది.

అది మేమే గీశామని, సముద్రంలో జంతువని చెప్పాను. వాచ్‌మన్ నా వైపు జాలిగా చూశాడు. "చిన్నపిల్లవు, నీకు తెల్వదు," అన్నాడు. ఇంతలో టీచరుగారు తన బడిపిల్లల్ని వరసలో నడిపించుకుంటూ వచ్చారు. వెంట వచ్చిన ఆయా ఆ గుమ్మడికాయను చూడగానే పిల్లలందర్నీ గోడవారకు నెట్టి, చేతులు చాపి అడ్డం నిలబడింది. టీచరుగారు ఎంత చెప్పినా కదలదు. ఆ కొసనుంచి సారు చేతులూపుకుంటూ పరుగెత్తుకొచ్చారు. కంగారులో ఆయనకు తెలుగు రాలేదు. దాని శాస్త్రీయనామమే గట్టిగా రెండుసార్లు అరిచారు, "ఆర్కిట్యూథిస్, ఆర్కిట్యూథిస్," అని. జనం ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగారు.

"మంత్రం సదువుతుండు," అంది పాలావిడ.

అది చాలదన్నట్టు ప్రదర్శన ప్రారంభించాల్సిన పెద్దమనిషి కారు వచ్చి ఆగింది. డ్రైవర్ ముందుకు చూశాడు. ఇంజను ఆపేశాడు. "దీని మీదికెల్లి నేను పోనియ్య సార్. ఇంటికాడ పెండ్లాం పిల్లలున్నరు," అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సారు నా దగ్గరకొచ్చి, "మీ అమ్మగారిని పిలుచుకురామ్మా, ఆవిడ చెబితే నమ్ముతారేమో," అన్నారు. అమ్మకు మాటిచ్చిన సంగతి గుర్తుంది. కానీ అక్కడ ఇంకో దారి కనపడలేదు. ఇల్లు గేటు దాటాక రెండో సందులోనే. పరుగెత్తాను.

అమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. నేను చెప్పిందంతా విని తల ఎత్తకుండా, "నేను రాను. నేనేసినానని చెప్పగూడదంటిని గదా," అంది.

"చేతబడి అంటున్నారమ్మా. ఎవరో పాపిష్టివాళ్లు చేశారంటున్నారు."

చాట ఆగింది. "దేన్ని? నా ముగ్గునా?"

"ఊఁ."

చాట పక్కన పెట్టింది. లేచింది. చెప్పుల కోసం కూడా చూడలేదు. కొంగు భుజం చుట్టూ లాక్కుని వీధిలో పడింది. ఆ నడక నాకు తెలుసు. మా ఊళ్లో ఒకసారి మా వాకిట్లో ముగ్గు మీదుగా ఎద్దులబండి తోలినవాడి వెంట అలాగే వెళ్లింది. కానీ ఇది మా ఊరు కాదు. ఇంతమంది ముందు నోరు విప్పితే మళ్లీ నవ్వుతారేమోనని వెనకే పరుగెత్తాను. ఈసారి నవ్వితే మాత్రం ఆ పూటే పెట్టెలు సర్దేస్తుందని నాకు తెలుసు.

వాచ్‌మన్ మళ్లీ కర్ర అడ్డం పెట్టాడు. "గాడికి పోవద్దమ్మా. చేతబడి."

"చేతబడీ లేదు, ఏమీ లేదు. నేనే ఏసినా."

గోల టక్కున ఆగిపోయింది. ఆ ఒక్క క్షణం వాళ్లందరి కళ్లకూ చేతబడి చేసిన మనిషే ఎదురుగా వచ్చి నిలబడినట్టుంది. వాచ్‌మన్ కర్ర దానంతటదే పక్కకు జరిగింది. అమ్మ ఆ చేతుల మధ్య సందుల్లోంచి, పిండి చెదరకుండా అడుగులు వేసుకుంటూ గుమ్మడికాయ దాకా వెళ్లింది. రెండు చేతులా దాన్ని ఎత్తింది. ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. అమ్మ కొంగుతో దాని కుంకుమ శుభ్రంగా తుడిచి, కాయను చంకలో పెట్టుకుంది.

"ఇది కన్ను," అంది. "దానికి ఇంత కన్ను ఉంటాదంట. ఇంగేమీ దొరక్క ఈ కాయ పెట్టినా. ఈ పొద్దు మా ఇంట్లో దీంతోనే పులుసు. మీరెవురన్నా వస్తే మీకూ పోస్తా."

ఎవరూ నవ్వలేదు. పాలావిడ బిందె దింపి ముందుకొచ్చి తేరిపార చూసింది. "నువ్వా అమ్మా? తలుపు సందుల కెల్లి గిన్నె వెట్టేటి అమ్మవు గదా నువ్వు. మాటలు రావేమో అనుకున్న ఇన్నిదినాలు."

"వస్తాయి," అంది అమ్మ.

"గిదేంది మరి?"

"సముద్రంలో ఉండే జంతువు. అడుగున ఉంటాది, పైకి రాదు."

"గింత పెద్దదా?"

"ఇంతే. మా పాప పుస్తకంలో చూసి చుక్క చుక్క లెక్కపెట్టి ఏసినా."

"ఏం తింటది?"

"చేపల్ని."

"మనుషుల్ని?"

"మనుషులు ఆడికి పోతే గదా."

అప్పుడు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఎప్పటినుంచి చూడలేదో ఆ నవ్వు. నేను రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయాను.

భయం పోయేసరికి జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. కారు డ్రైవర్ కూడా ధైర్యం తెచ్చుకుని ఇంజను స్టార్ట్ చేశాడు. అమ్మ చెయ్యి చాపి కారుకు అడ్డం వెళ్లింది.

"బండి దీనిమింద పోగూడదు. చెరిగిపోతాది. పెద్దాయప్పను దిగి పక్కన నడిచి రమ్మను."

సారు ముఖం పాలిపోయింది. వచ్చినాయన మాత్రం మారు మాట్లాడకుండా కారు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, రోడ్డు వారగా ఆ చేతి కొసనుంచి తోకదాకా నడిచారు. ఆయన వెనక వాచ్‌మన్, వాచ్‌మన్ వెనక రిక్షావాళ్లు, టీచరుగారి పిల్లలు, చివరికి ఆయా. అరవై అడుగులూ అందరూ నడిచారు. సారు కోరుకున్నది ఇదే కదా, కానీ ఆయన కుదుటపడి ఆ సంతోషం అనుభవించేసరికి మధ్యాహ్నం దాటింది.

అమ్మ ఇంటికి వెళ్లలేదు. కన్ను తీసేసిన చోట ఖాళీగా ఉంటే బాగుండదని తనే అక్కడ నిలబడింది. ఒక గుంపు పోతే ఇంకో గుంపు. లోపల ఉన్న మిగతా జంతువుల గురించి కూడా అమ్మనే అడగడం మొదలుపెట్టారు. నేను పైకి చదివిందంతా అమ్మ నోట అనంతపురం యాసలో వినపడుతుంటే నాకు మతిపోయింది. ఆస్ట్రేలియా వానపాము మట్టిలో కదిలితే బురదలో కాలు తీసినట్టు చప్పుడొస్తుందని చెప్పింది. ఇండోనేషియా బల్లి మేకల్ని మింగుతుందని చెప్పి, "మన గోడమింది బల్లిని చూసి అరుస్తాం గానీ, ఆ దేశమోళ్లు ఏం కావాల," అంది. కోడిపుంజంత కప్ప గురించి అడిగితే, ఉందని చెప్పింది గానీ వండుకుంటారన్న సంగతి మింగేసింది. నేను లోపల బోర్డు పక్కన నిలబడి ఇంగ్లిషులో చెబుతుంటే నా దగ్గర ఇద్దరో ముగ్గురో. నాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగిందని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సాయంత్రం ఆఫీసు వదిలాక నాన్న వచ్చాడు. యూనివర్సిటీ మీద ఎవరో చేతబడి చేశారని పొద్దున్నుంచి ఆఫీసంతా అదే మాటట. ఇద్దరు గుమాస్తాలు సగం పూట సెలవు కూడా పెట్టారట. ఆ చేతబడి చేసింది తన భార్యేనని తెలియక ఆయన కూడా దాని గురించి బాగానే చర్చించి వచ్చాడు. రోడ్డు కొసన నిలబడి, జనం మధ్యలో చేతులు తిప్పుతూ మాట్లాడుతున్న అమ్మను చాలాసేపు చూశాడు. పిలవలేదు. మాటలైపోయేదాకా సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. పాలావిడ, ఆమె వెంట మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఇద్దరు ఆడవాళ్లు.

"సముద్రపు ముగ్గేసిన అమ్మ గీడనే ఉంటదా?" అని అడిగింది అందులో ఒకామె. నిన్న చూసి వెళ్లినప్పటినుంచి వాళ్లింట్లో ఒకటే వాదమట. ఆ పది చేతుల జంతువు నిద్రపోతుందా పోదా అని. మొగుడు పోదంటాడు, అత్త పోతుందంటుంది. అమ్మను అడిగి రమ్మని పంపారట.

అమ్మ వాళ్లను వరండాలో కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది. "అది నిద్రపోతాదా పాపా?"

"నాకు తెలియదమ్మా. నేను చదివిన దాంట్లో లేదు."

"మా పాప చదివి చెప్తాదిలే," అంది వాళ్లతో. "మళ్లా రాండి. ఊరికే వచ్చిపోతా ఉండండి."

వాళ్లు వెళ్లాక నాన్న చొక్కా తొడుక్కుంటూ మెల్లగా అడిగాడు. "మనూరివాళ్లకు ఈ పొద్దు జవాబు రాయాల. ఏమని రాసేది?"

"రాలేమని రాసెయ్యండి," అంది అమ్మ, నీళ్ల గ్లాసులు ఎత్తుకుంటూ. "నాకీడ పనుండాది."

నా చదువు మాట ఎక్కడా రాలేదు. నేను అన్ని రోజులు ఏడ్చినా, అలిగినా, అన్నం మానేసినా కదలని మనిషి, మెట్టుగూడ నుంచి ఒకావిడ ఒక ప్రశ్న పట్టుకుని వస్తే ఆగిపోయింది. ముందు కాస్త ఉడుకుమోత్తనం వచ్చిన మాట నిజం. తర్వాత, కాలేజీకి నడుస్తూ నడుస్తూ ఉండగా, నా కోసమని ఆగి ఉంటే ఈ ఊళ్లో ఆవిడ మళ్లీ తలుపు సందులోనే ఉండిపోయేదని తట్టింది. తన కోసం తాను ఆగింది. అంతకంటే నాకు కావలసిందేమీ లేదని అనిపించి, దారిలోనే కళ్లు తుడుచుకున్నాను.

ఆ రోజంతా లైబ్రరీలో కూర్చున్నాను. దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. సారును అడిగాను. ఆయన చెంప రుద్దుకుని, బతికున్నదాన్ని చూసినవాళ్లే లేనప్పుడు నిద్ర సంగతి ఎవరు చెబుతారమ్మా అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వరండాలోనే ఎదురుచూస్తోంది.

"ఏ పుస్తకంలోనూ లేదమ్మా. అది నిద్రపోతుందో లేదో ప్రపంచంలో ఎవరికీ తెలియదట."

అమ్మ నమ్మలేనట్టు చూసింది.

"ఎవురికీ తెల్దా? అయితే నువ్వే కనుక్కో," అంది. "దానికి ఎన్నేండ్లు చదవాల్నో అన్నేండ్లు చదువు."